నీలి వాండా, మన మామిడి చెట్ల మీది వాండా: ఏది ఎక్కువ ప్రమాదంలో ఉంది?

వాండాలు చెట్ల మీద పెరిగే ఆర్కిడ్ పూల మొక్కలు. ఈశాన్య కొండల నీలి వాండా, మన మామిడి చెట్ల మీది వాండా టెసలేటా రెండింటిలో దేనికి ముప్పు ఎక్కువని అడిగారు. అందరూ నీలి వాండా అంటారు. నేను మనదే అంటాను. అది పోవడం కళ్ళారా చూశాను కాబట్టి.

మాది సామర్లకోట దగ్గర పల్లెటూరు. నాలుగేళ్ళ క్రితం మే నెలలో పెదనాన్నగారు ముసలి మామిడి తోటని కోత మిషన్ వాళ్ళకి అమ్మేశారు. నేను వెళ్ళేసరికే కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి చెట్టు పెద్దకొమ్మ నేల మీద పడి ఉంది. దాన్ని పట్టుకుని వాండా, పూలతో సహా. పసుపు రేకుల మీద గోధుమరంగు గళ్ళు, రేకుల వెనక తెలుపు, మధ్యలో ఊదారంగు పెదవి. అంత దుమ్ములోనూ వాసన వస్తోంది. పెన్సిలంత లావు వేళ్ళు బెరడుతో పాటే చీలిపోయాయి. గోనెసంచిలో ఏరుతుంటే కొమ్మలు నరికే అతను, "అదెందుకండీ, బదనికే కదా, చెట్టుని తినేస్తది" అన్నాడు.

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బదనిక చెట్టు రసం పీలుస్తుంది. వాండా చెట్టు మీద కూర్చుంటుందంతే, వాననీళ్ళతో బతుకుతుంది. ఈ పొరపాటుతో ఎన్ని తోటల్లో దీన్ని గీకి పారేశారో! 1795లో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ మొక్కల పుస్తకంలో బొమ్మతో సహా లోకానికి చూపించిన మొక్క ఇది. ఆయన ఏళ్ళ తరబడి పనిచేసింది మా సామర్లకోటలోనే.

నీలి వాండా పూలకీ గళ్ళుంటాయి, కాకపోతే పువ్వు పెద్దది, నీలం. దానికి కష్టం తెచ్చింది సేకరించేవాళ్ళు. 1850లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త హుకర్ ఖాసీ కొండల్లో ఏడుగురు మోసేంత పీకించి ఇంగ్లండులోని క్యూ తోటకి పంపితే, బతికి చేరినవి కొన్నే. ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్లో దానికి పేరుపెట్టి రక్షణ ఉంది. నర్సరీల్లో బాగా పెంచుతున్నారు కూడా. అందుకే 2004లో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో, కట్టడి గట్టిగా ఉండే మొదటి అనుబంధం నుంచి కాస్త సడలింపు ఉన్న రెండోదానికి మార్చారు. మన వాండా కూడా మిగతా ఆర్కిడ్లతో పాటు ఆ రెండో అనుబంధంలోనే ఉంది. కానీ అది దేశాల మధ్య వ్యాపారానికి సంబంధించిన కట్టడి. పెరట్లో ముసలి చెట్టు కొట్టేవాళ్ళని ఆపదు.

ఆ రోజు పదకొండు మొక్కలు తెచ్చి కొబ్బరిపీచుతో వేపచెట్టుకి కట్టాను. నాలుగు బతికాయి. నీళ్ళు చల్లితే తెల్లటి వేళ్ళు చూస్తుండగానే పచ్చబడతాయి. ఈ ఏప్రిల్లో రెండింటికి పూలొచ్చాయి. కాయ మాత్రం ఇంకా పట్టలేదు.