చాట్‌బాట్‌ను తప్పుపట్టే ముందు దానికేం చేరిందో చూడండి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరలో, ఏఐ చాట్‌బాట్ వాడకం గురించి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలివి. కమాండ్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే అచ్చేశాం. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ‘ఒలామా’ (చాట్‌బాట్‌ను సొంత కంప్యూటర్‌లోనే నడిపే ప్రోగ్రాము) అన్నచోట ఓ, రెండు ఎల్‌లు, ఏ, ఎమ్, ఏ అని గుర్తుంచుకోండి.

నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. హాస్టల్ వైఫై రాత్రి తొమ్మిది దాటితే కదలదు. నెట్ లేకుండా టెర్మినల్‌లో చాట్‌బాట్ నడపొచ్చా? తెలుగు వస్తుందా?
— డిగ్రీ విద్యార్థి, బాలాజీ కాలనీ, తిరుపతి

నడపొచ్చు. మోడల్ (చాట్‌బాట్‌కు మెదడులాంటి ఫైలు) దించుకునేటప్పుడే నెట్ కావాలి, ఆ తర్వాత అక్కర్లేదు. ఒలామా ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. అది ఎక్కించాక ‘ఒలామా పుల్ జెమ్మా3:4బి’ అని కొట్టండి. ‘4బి’ అన్నది మోడల్ సైజు. దాదాపు 3.3 జీబీ దిగుతుంది. మధ్యలో వైఫై తెగితే అదే కమాండ్ మళ్లీ కొట్టండి, ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. తర్వాత ‘ఒలామా రన్ జెమ్మా3:4బి’ అంటే మూడు బాణం గుర్తులు కనిపిస్తాయి. అక్కడ ప్రశ్న రాయడమే. బయటికి రావాలంటే ‘/బై’.

గూగుల్ మోడల్ జెమ్మానే ఎందుకంటున్నామంటే, మీకు తెలుగు కావాలి కాబట్టి. మెటా మోడల్ లామా 3.2లో 3బి సైజు 2 జీబీయే, వేగం కూడా ఎక్కువ. కానీ మెటా అధికారికంగా చెప్పిన ఎనిమిది భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. జెమ్మా 3ను గూగుల్ 140కి పైగా భాషలకు తయారుచేసింది. అయితే అందులో 1బి సైజు ఇంగ్లీషుకే పనికొస్తుంది. 815 ఎంబీయే కదా అని దాన్ని దించుకుని తెలుగు అడిగితే నిరాశే. 4బి కూడా తెలుగు చదివి అర్థం చేసుకున్నంత బాగా తెలుగు రాయదు. పాఠాన్ని తెలుగులో ఇచ్చి, జవాబు ఇంగ్లీషులో అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ర్యామ్ లెక్క సులువే. మోడల్ ఫైలు ఎంత ఉంటే అంత, దాని మీద సంభాషణకు కొంత, విండోస్ తినేది సుమారు 3 జీబీ. అంటే 8 జీబీలో 4బి మోడల్ ఇరుకుగా పడుతుంది, బ్రౌజర్ మూసేయాలి. 7బి, 8బి మోడళ్లు దాదాపు 5 జీబీ ఉంటాయి. అవి పట్టక డిస్కు మీదికి పొర్లితే ఒక్కో మాటకు సెకన్లకు సెకన్లు ఆగాల్సి వస్తుంది. ‘రన్’ కమాండ్ చివర ‘--వెర్బోస్’ చేరిస్తే సెకనుకు ఎన్ని టోకెన్లు (మాటల ముక్కలు) వస్తున్నాయో చూపిస్తుంది. బయటికొచ్చాక కూడా మోడల్ అయిదు నిమిషాలు మెమరీలోనే కూర్చుంటుంది. వెంటనే ఖాళీ కావాలంటే ‘ఒలామా స్టాప్’ రాసి మోడల్ పేరు చేర్చండి.

తెలుగు ఉత్తరాన్ని ఫైలుగా పెట్టి పవర్‌షెల్ నుంచి పైపులో ఒలామాకు పంపిస్తున్నా. అది ఉత్తరంలో లేని సంగతులన్నీ చెప్తోంది. ఒకసారైతే ‘మీరు ప్రశ్నార్థకాలు మాత్రమే పంపారు’ అంది. మోడల్ మార్చినా అంతే. ఏం చేసేది సార్?
— టైపింగ్ సెంటర్, గిరింపేట, చిత్తూరు

మోడల్ నిజమే చెప్పింది. దానికి చేరినవి ప్రశ్నార్థకాలే. పవర్‌షెల్ అంటే విండోస్‌లో కమాండ్లు కొట్టే ప్రోగ్రాము; పైపు అంటే ఒక కమాండ్ ఇచ్చినదాన్ని ఇంకోదానికి చేర్చే ‘|’ గీత.

విండోస్‌తో పాటు వచ్చే పాత పవర్‌షెల్ 5.1లో తెలుగు రెండు చోట్ల చెడుతుంది. మొదటిది ఫైలు చదివేటప్పుడు. ఇప్పటి నోట్‌ప్యాడ్ ఫైలును యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి), ఆ సంగతి చెప్పే గుర్తేదీ మొదట్లో పెట్టకుండా దాస్తుంది. ఆ గుర్తు లేకపోతే ఫైలు చదివే ‘గెట్-కంటెంట్’ కమాండ్ దాన్ని పాత ఇంగ్లీషు కోడ్‌పేజీ (అక్షరాల పట్టిక) అనుకుని చదువుతుంది. రెండోది పంపేటప్పుడు. 5.1 వేరే ప్రోగ్రాముకు పైపులో పంపేదంతా ఇంగ్లీషు అక్షరాలకే సరిపోయే ఆస్కీ పద్ధతిలోకి మారుస్తుంది. ఆస్కీలో తెలుగుకు చోటు లేదు, అందుకే ప్రతి గుర్తూ ‘?’ అయిపోతుంది.

మీ దగ్గర చెడేది ఒకచోటా రెండుచోట్లా అన్నది లెక్కపెట్టి తేల్చుకోవచ్చు. ‘మామిడి’ అనే ఒక్క మాట టైపు చేసి ‘టెస్ట్.టీఎక్స్‌టీ’గా దాచండి. ‘గెట్-కంటెంట్ టెస్ట్.టీఎక్స్‌టీ | ఫైండ్‌స్టర్ .’ అని కొట్టండి. చివర చుక్క మరవొద్దు. బయటి ప్రోగ్రాముకు ఏం చేరుతుందో అదే తెరమీద పడుతుంది. మామిడిలో మ, దీర్ఘం, మ, గుడి, డ, గుడి కలిపి ఆరు గుర్తులు. ఆరు ప్రశ్నార్థకాలు వస్తే చదవడం సరిగ్గానే ఉంది, పంపడం చెడింది. పద్దెనిమిది వస్తే రెండూ చెడ్డాయి. ఎందుకంటే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి, తప్పు కోడ్‌పేజీ వాటిని మూడు వేర్వేరు అక్షరాలుగా చదువుతుంది.

శాశ్వత మందు పవర్‌షెల్ 7. ‘వింగెట్ ఇన్‌స్టాల్ మైక్రోసాఫ్ట్.పవర్‌షెల్’ అంటే వస్తుంది, ‘పీడబ్ల్యుఎస్‌హెచ్’ అని పిలవాలి. ఇందులో చదవడం, పంపడం రెండూ యూటీఎఫ్-8లోనే. తిరిగొచ్చే జవాబు కూడా చెడకుండా ఉండాలంటే మొదట ఈ లైను కొట్టండి: ‘$అవుట్‌పుట్ఎన్‌కోడింగ్ = [కన్సోల్]::అవుట్‌పుట్ఎన్‌కోడింగ్ = [టెక్స్ట్.ఎన్‌కోడింగ్]::యూటీఎఫ్8’. పాత 5.1తోనే నెట్టుకురావాల్సి వస్తే ఇదే లైనుతో పాటు ‘గెట్-కంటెంట్’ పక్కన ‘-ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8’ చేర్చండి. 5.1లో ‘>’ గుర్తుతో దాచిన ఫైలు యూటీఎఫ్-16లో ఉంటుందని కూడా మనసులో పెట్టుకోండి. దాన్ని లినక్స్ మిషనుకు పంపితే అక్కడ మళ్లీ గోల. ‘అవుట్-ఫైల్ -ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8’ వాడితే సరి.

టెర్మినల్‌లో ఒత్తులు అక్షరం కిందికి రాకుండా పక్కకు పడుతున్నాయి. జవాబు చెడిపోయినట్టేనా?
— కుప్పం

కాదు. టెర్మినల్ తెరను గళ్లుగా చూస్తుంది, గడికో గుర్తు వేస్తుంది. తెలుగు ఒత్తు, గుణింతం ఆ గళ్లలో ఇమడవు. జవాబును ఫైలులోకి మళ్లించి ఎడిటర్‌లో తెరవండి, అక్షరాలు సక్రమంగానే ఉంటాయి. ఎడిటర్‌లో కూడా డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంటు లేదన్నమాట. ఉబుంటులో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-టెలు’ చాలు.

సీజన్‌లో రోజూ వందల కాటా చీటీల వివరాలు వాట్సాప్ మెసేజీలుగా వస్తాయి. రైతు పేరు, రకం, బరువు ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. అన్నీ ఒక ఫైలులో వేసి పట్టిక చేయమంటే చివరి చీటీలే వస్తున్నాయి, మొదటివి మాయం. మొత్తం బరువు కూడా తప్పు చెప్తోంది.
— మామిడి మండీ గుమాస్తా, దామలచెరువు

ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటివి మాయం కావడానికి కారణం కాంటెక్స్ట్ పరిమితి. మోడల్ ఒక్కసారి కళ్లముందు పెట్టుకోగలిగే టోకెన్లకు ఒక హద్దు ఉంటుంది. ఒలామా మామూలుగా ఆ హద్దును తక్కువగా పెడుతుంది. 2048, 4096 టోకెన్లతో వచ్చిన వెర్షన్లున్నాయి. తెలుగు మాట ఇంగ్లీషు మాట కంటే ఎక్కువ టోకెన్లు తింటుంది కాబట్టి ఆ హద్దు ఇట్టే నిండుతుంది. నిండాక హెచ్చరిక చూపదు, ముందు వచ్చిన భాగాన్ని వదిలేస్తుంది. పైపులో పంపినప్పుడు ఫైలు ముందు, మీ ఆదేశం చివర చేరతాయి. అందుకే ఆదేశం దక్కింది, మొదటి చీటీలు పోయాయి.

‘మోడల్‌ఫైల్’ అనే పేరుతో ఒక ఫైలు చేసి మూడు లైన్లు రాయండి. ఒకటి ‘ఫ్రమ్ జెమ్మా3:4బి’. రెండు ‘పారామీటర్ నమ్_సీటీఎక్స్ 8192’. మూడు ‘పారామీటర్ టెంపరేచర్ 0’. ఆపైన ‘ఒలామా క్రియేట్ కాటా -ఎఫ్ మోడల్‌ఫైల్’ కొడితే ‘కాటా’ అనే మీ సొంత మోడల్ తయారు. టెంపరేచర్ సున్నా ఎందుకంటే ఇక్కడ మనకు కల్పన వద్దు, ఉన్నది ఉన్నట్టు కావాలి. హద్దు పెంచేకొద్దీ ర్యామ్ ఖర్చు పెరుగుతుంది. అందుకే హద్దు పెంచడం కన్నా ఫైలు కోయడం మేలని మా అభిప్రాయం. లినక్స్‌లో ‘స్ప్లిట్ -ఎల్ 30’ అంటే ముప్పై లైన్లకో ముక్క వస్తుంది. ఒక్కో ముక్కను విడిగా పంపి జవాబులను ఒకే ఫైలులో చేర్చండి. ముక్క చిన్నదైతే తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోవడమూ తేలిక.

ఇక కూడిక. అది మోడల్‌కు అప్పగించొద్దు. లెక్క చేసినట్టే కనిపిస్తుంది గానీ, అది వరుసగా వచ్చే మాటను ఊహించే యంత్రం. దానితో చీటీకో లైను చొప్పున పేరు, రకం, బరువు, కొలమానం అని కామాలతో విడదీయించండి. ‘టన్నును క్వింటాలుగా మార్చొద్దు, రాసినట్టే ఉంచు; అర్థంకాని చోట సందేహం అని రాయి’ అని ఆదేశంలోనే చెప్పండి. కూడిక లిబ్రేఆఫీస్‌లోనో ఎక్సెల్‌లోనో చేయండి. చివరగా ‘డబ్ల్యుసీ -ఎల్’తో పంపిన లైన్లు, వచ్చిన లైన్లు లెక్క చూడండి. చీటీకో లైను ఉన్న ఫైలైతే రెండూ సమానం కావాలి. రైతుకు డబ్బు కట్టే ముందు సందేహం అని వచ్చిన ప్రతి చీటీనీ కంటితో చూడాల్సిందే.

పాత కీర్తనల పుస్తకం పీడీఎఫ్ ఉంది. అందులోంచి టెక్స్ట్ తీసి, తప్పులు దిద్దమని టెర్మినల్ నుంచి చాట్‌బాట్‌కు ఇచ్చాం. చక్కటి తెలుగులో తిరిగిచ్చింది, కానీ పుస్తకంలో ఉన్నది అది కానే కాదు!
— డీటీపీ ఆపరేటర్, తిరుపతి

పుస్తకం ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కట్టి ఉంటారు. ఆ పద్ధతిలో ఫైలులో ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. కాగితం మీద ఏ తేడా ఉండదు. టెక్స్ట్ బయటికి తీయగానే తొడుగు ఊడిపోయి పిచ్చిరాతలు మిగులుతాయి. ఆ పిచ్చిరాతలు చూసి ‘కీర్తనలు’ అన్న మీ మాటను బట్టి మోడల్ సొంతంగా కీర్తనలు అల్లింది. ఇది చాలా ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే చదవడానికి బాగుంటుంది. పీడీఎఫ్‌లోంచి రెండు లైన్లు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే ముందే తెలిసిపోయేది.

పేజ్‌మేకర్ అసలు ఫైలు దొరికితే ‘అను’ నుంచి యూనికోడ్‌కు (అసలైన తెలుగు అక్షరాలకు) మార్చే కన్వర్టర్ వాడండి, అదే మంచి దారి. దొరక్కపోతే ఓసీఆర్, అంటే బొమ్మలోంచి అక్షరాలు చదివించే పద్ధతి. ఉబుంటులో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పాప్లర్-యుటిల్స్ టెస్సెరాక్ట్-ఓసీఆర్ టెస్సెరాక్ట్-ఓసీఆర్-టెల్’. పేజీలను బొమ్మలుగా మార్చడానికి ‘పీడీఎఫ్‌టుపీపీఎమ్ -ఆర్ 300 -గ్రే -పీఎన్‌జీ బుక్.పీడీఎఫ్ పేజ్’. తర్వాత ఒక్కో బొమ్మకూ ‘టెస్సెరాక్ట్ పేజ్-01.పీఎన్‌జీ పేజ్-01 -ఎల్ టెల్’. చివర టీఎక్స్‌టీ అదే తగిలిస్తుంది. 300 డీపీఐ తగ్గించొద్దు. తగ్గిస్తే కిందున్న ఒత్తులు ముద్దయిపోతాయి. ప-వ, ఘ-ఝ తారుమారు కావడం 300లోనూ ఉంటుంది.

దిద్దుబాటుకు ఇచ్చేటప్పుడు ఒక్కో పేజీ ఇవ్వండి. ‘స్కాన్‌లో చెడిన అక్షరాలే దిద్దు, మాట మార్చొద్దు, లైను కలపొద్దు, కొత్తది చేర్చొద్దు’ అనండి. అయినా నమ్మొద్దు. ‘గిట్ డిఫ్ --నో-ఇండెక్స్ --వర్డ్-డిఫ్’ రాసి పాత ఫైలు, కొత్త ఫైలు పేర్లు ఇస్తే మారిన ప్రతి మాటా కనిపిస్తుంది. అన్నమయ్య పదిహేనో శతాబ్దపు పలుకును మోడల్ ఈనాటి తెలుగులోకి ‘దిద్దేస్తుంది’. బండి ఱను రగా మారుస్తుంది, అరసున్నను ఎగరగొడుతుంది. చిరిగిన పేజీలో పోయిన చరణాన్ని పూరించమని ఎప్పుడూ అడగొద్దు. టీటీడీ అచ్చువేసిన సంకీర్తన సంపుటాలు ఉన్నాయి, వాటిలో చూసి వేయండి.

చాట్‌బాట్‌కు నెలనెలా చందా కడుతున్నాను. టెర్మినల్‌లో వాడదామంటే ఏపీఐ కీ, దానికి వేరే డబ్బు అంటోంది. ఇదేం పద్ధతి?
— ఉపాధ్యాయుడు, చంద్రగిరి

మీది చాట్‌జీపీటీ అనుకుంటే, దాని చందా, దాన్ని చేసిన ఓపెన్ఏఐ ఇచ్చే ఏపీఐ ఖాతా రెండూ వేర్వేరు. చందా యాప్‌కు, వెబ్‌సైట్‌కు. ఏపీఐ అంటే వేరే ప్రోగ్రాములు నేరుగా మోడల్‌ను అడిగే దారి, కీ దాని తాళంచెవి. అందులో వాడిన టోకెన్లకు లెక్కగట్టి వసూలు చేస్తారు. ముందుగా కొద్ది మొత్తమే వేసుకోండి. కార్డు తిరస్కరిస్తే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయేమో చూడండి.

తెలుగుకు ఖర్చు ఎంతన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. 2024 మే నెలలో జీపీటీ-4ఓ తెచ్చినప్పుడు ఓపెన్ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, ఒకే తెలుగు పాఠం పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్త దానిలో 45. కాబట్టి తెలుగు పనికి పాత మోడల్ చవకని ఎంచుకోవద్దు, టోకెన్లు లెక్కవేసి చూడండి.

వాడడానికి సైమన్ విల్లిసన్ రాసిన ‘ఎల్ఎల్ఎమ్’ అనే పరికరం హాయిగా ఉంటుంది. ‘పిప్ఎక్స్ ఇన్‌స్టాల్ ఎల్ఎల్ఎమ్’, తర్వాత ‘ఎల్ఎల్ఎమ్ కీస్ సెట్ ఓపెన్ఏఐ’. కీ అతికించినప్పుడు తెరమీద ఏమీ కనిపించదు, అది సహజం, ఎంటర్ కొట్టండి. కీని కమాండ్‌లోనే రాస్తే షెల్ హిస్టరీలో (కొట్టిన కమాండ్ల జాబితాలో) ఉండిపోతుంది, ఆ పని చేయొద్దు. ‘ఎల్ఎల్ఎమ్’ అని రాసి కొటేషన్లలో ప్రశ్న పెట్టడమే, అదే సంభాషణ కొనసాగాలంటే ‘-సీ’. మీరడిగినదీ అది చెప్పినదీ ఆ కంప్యూటర్‌లోనే ఒక ఎస్‌క్యూలైట్ ఫైలులో నమోదవుతాయి. బడి ల్యాబులో పదిమంది వాడే మిషనైతే ముందే ‘ఎల్ఎల్ఎమ్ లాగ్స్ ఆఫ్’ కొట్టండి. పిల్లల పేర్లు, మార్కులు అసలు పంపకండి.

ఎర్రర్ సంఖ్య 401 వస్తే కీ తప్పు, అతికించేటప్పుడు ఖాళీ చేరిందేమో చూడండి. 404 అయితే మోడల్ పేరు తప్పుండొచ్చు. 429కి రెండు అర్థాలు: మరీ గబగబా పంపుతున్నారు, లేదా ఖాతాలో డబ్బు అయిపోయింది. కింద వచ్చే సందేశంలో ‘కోటా’ అన్న మాట ఉంటే రెండోది. ఎంతసేపు ఆగినా పోదు.