అమ్మలూ, ఆ వారంటీకి డబ్బు కట్టే ముందు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి అత్త ఆశీస్సులతో రాయునది.

నువ్వు సెకండ్ హ్యాండ్ కారు చూసుకున్నావని, అడ్వాన్స్ ఇవ్వడం ఒక్కటే మిగిలిందని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల తన జీతంతో కారు కొనడం ఇదే మొదలు. మీ నానమ్మ ఉండుంటే ఈపాటికి వీధంతా చెప్పొచ్చేది. నాకూ అంతే సంతోషంగా ఉంది. కానీ ఆ బండి వారం వారం పాడేరు ఘాట్ ఎక్కి దిగాలని, అందులో నువ్వు ఒక్కదానివే ఉంటావని తలుచుకుంటే మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే అన్నిటికీ "సరే అత్తా" అనేసి డ్యూటీకి వెళ్లిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

ఆ పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీ అతను ఏడాది వారంటీకి పద్దెనిమిది వేలు అడుగుతున్నాడట. దానిమీద 18 శాతం జీఎస్టీ పడితే 21,240 రూపాయలు. తీసుకోవాలా వద్దా అని అత్తని అడగమన్నావట. తీసుకో అనో వద్దు అనో ఒక్క మాటలో తేల్చే విషయం కాదిది. ఏ బండికి, ఎవరిచ్చే వారంటీ, ఆ షరతులు నువ్వు పాటించగలవా, ఈ మూడూ చూశాకే చెప్పగలను.

ముందు మామూలు సంగతులు. బండి నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో చూడు. ఓనరు ఎన్నోవాడో, ఫైనాన్స్ ఉందో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి ఆ ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. బండి నీ పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు నీ కళ్ల ముందే జరగాలి. పక్క రాష్ట్రం బండయితే అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్ లెక్క కూడా తేల్చుకో. నీకు నమ్మకమున్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్లు. అమ్మేవాడు చూపించే మెకానిక్ వద్దు.

మీటరు మాత్రం కాస్త పట్టించుకో. 48,000 కిలోమీటర్లు తిరిగిందని అతను చెబితే సరిపోదు. బండి నంబరు ఇచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీసు వివరాలు కనుక్కో. ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసుకి వచ్చిందో వాళ్ల కంప్యూటర్‌లో ఉంటుంది. మూడేళ్ల క్రితమే 60,000 దగ్గర వచ్చిన బండికి ఇప్పుడు మీటరు 48,000 చూపిస్తోందంటే ఇక మాట్లాడకుండా లేచి వచ్చెయ్యి. మీటరు తిప్పారని తేలితే వారంటీ కూడా చెల్లదు.

ఇంకొకటి, నీళ్లలో మునిగిన బండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని వేల బండ్లు మునిగాయో టీవీలో చూశావు కదా. అలాంటివి బాగుచేయించి వేరే ఊళ్లలో అమ్మేవాళ్లుంటారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, బురద చార కనిపిస్తుంది. కింద కార్పెట్ ఎత్తి వాసన చూడు. సీటు కింది బోల్టులకు తుప్పుందేమో చూడు. హుద్‌హుద్ తుఫాను తర్వాత మా ఇన్సూరెన్స్ ఆఫీసులో ఈ పాఠం నేర్చుకున్నాను. 2014 అక్టోబరు 12 ఆదివారం తుఫాను తీరం దాటింది. ఆ తర్వాత చాలా రోజులు డాబాగార్డెన్స్‌లో మా క్లెయిమ్స్ సెక్షన్ ముందు జనం బారులు తీరారు. చెట్లు పడి పైకప్పు అణిగిపోయిన బండ్ల ఫొటోలు టేబుల్ నిండా ఉండేవి. బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చేసిన బండి కూడా పాత సామాను కింద ఎవరో ఒకరు కొనుక్కుంటారు. రంగు వేసుకుని మళ్లీ రోడ్డెక్కుతుంది. ఏ వారంటీ కాగితంలోనూ ఆ చరిత్ర ఉండదు.

మన ఊరి బండయితే అడుగు భాగం కూడా చూడాలి. బీచ్ రోడ్డు వైపు ఏళ్ల తరబడి ఆరుబయట ఉన్న బండికి ఉప్పు గాలి సైలెన్సర్‌నీ, తలుపుల కింది అంచుల్నీ తినేస్తుంది. తుప్పుకి వారంటీ ఇవ్వరు.

ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్పాలి. వాడు నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

హుద్‌హుద్‌కి ముందు ఏడాది వాడు ఒక డీజిల్ కారు కొన్నాడు, అదీ సెకండ్ హ్యాండే. నీకు గుర్తుండే ఉంటుంది, ఎర్ర రంగుది, వెనక సీటు నీదీ తమ్ముడిదీ. మొదటి ఓనరు కారు కంపెనీ దగ్గరే ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే మామూలు గడువు అయ్యాక కూడా నడిచేది, కొన్నాడు. అది ఇంకా ఏడాదిన్నర మిగిలి ఉంది. ఆ మాట విని మీ నాన్న ఇంకో పదిహేను వేలు ఎక్కువిచ్చి మరీ తీసుకున్నాడు. వారంటీ పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద పెట్టాడు. దాన్ని తెరిచి చదివింది మాత్రం లేదు.

అందులో రెండు షరతులున్నాయి. బండి చేతులు మారితే గడువులోగా కంపెనీకి రాసిచ్చి, కొద్దిపాటి రుసుము కట్టి వారంటీని కొత్త ఓనరు పేరు మీదికి మార్పించుకోవాలి. సర్వీసు ప్రతి పదివేల కిలోమీటర్లకీ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించి బిల్లులు దాచుకోవాలి. వాడు మొదటిది చెయ్యలేదు. రెండోదానికి, గాజువాకలో వాడి స్నేహితుడి షెడ్డు ఉండేది, అక్కడే ఆయిల్ మార్పించేవాడు. సగం డబ్బుకే అయిపోతోందని సంబరం. బిల్లు లేదు, ఏ గ్రేడు ఆయిల్ పోశారో తెలియదు. ఒకసారి గడువు దాటి ఐదువేల కిలోమీటర్లు తిప్పాడు కూడా.

ఆ బండి ఇంజిన్‌కి టర్బో ఉంది. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టడానికి నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే వస్తువది. పలచటి ఆయిల్ పొర మీదే దాని ప్రాణం. ఆయిల్ చిక్కబడి మడ్డి కడితే అది వెళ్లే సన్నటి దారి మూసుకుపోతుంది. ఆ ఏడు వానాకాలంలో మిమ్మల్ని అరకు తీసుకెళ్తూ అనంతగిరి ఎక్కుతుండగా బండి ఈల వేసినట్టు కూసింది. పికప్ పోయింది, వెనక పొగ కమ్మేసింది. సిగ్నల్ లేదు. వాన. ఇద్దరు పిల్లలు, మీ అమ్మ, చీకటి పడుతోంది. కిందికి దిగే ఆర్టీసీ బస్సు డ్రైవరు ఎవరో ఆపి ఎక్కించుకున్నాడు. ఆయన ఎవరో తెలియదు గానీ ఇప్పటికీ దేవుడికి దీపం పెట్టినప్పుడు ఆయన్ని తలుచుకుంటాను. ఎస్.కోట చేరాక మీ నాన్న ఫోన్ చేసేదాకా ఇక్కడ నేనూ మీ నానమ్మా ఎలా ఉన్నామో నీకు చెప్పలేను. ఆవిడ గేటు దగ్గరి నుంచి లోపలికి రాలేదు.

క్లెయిమ్ పెడితే వాళ్లు రెండే ప్రశ్నలు అడిగారు. పేరు మార్పించిన కాగితం ఏది? సర్వీసు బిల్లులు ఏవి? వాడు నా దగ్గరికి వచ్చి, "అక్కా, నువ్వు ఆ లైన్లోనే ఉన్నావు కదా, ఒక మాట చెప్పు" అన్నాడు. నేనా పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. వాళ్లు కాదన్నది న్యాయమేనని నా నోటితో నేనే తమ్ముడికి చెప్పాల్సి వచ్చింది. టర్బో, మనుషుల కూలీ, కొండ మీంచి బండి లాక్కొచ్చిన ఖర్చు, అన్నీ కలిసి నీ స్కూలు ఫీజుకని దాచిన డబ్బంతా పోయింది. వాడు ఆ సంక్రాంతికి కొత్త బట్టలు కొనుక్కోలేదు. నా మీద కోపమని మీరంతా అనుకున్నారు, కాదు. వాడికి సిగ్గేసింది. వాడు మంచివాడు అమ్మా, కాగితమంటే బద్ధకం, అంతే. ఆ బద్ధకం నీకూ ఉంది. మీ హాస్టల్ ఫీజు రసీదు ఎన్నిసార్లు పోగొట్టుకున్నావో నాకు తెలుసు.

కాబట్టి నీ బండి దగ్గరికి వద్దాం. నువ్వు చూసింది టర్బో పెట్రోల్, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, అంటే లోపల రెండు క్లచ్‌లతో గేర్లు అదే మార్చుకునేది, అని మీ తమ్ముడు చెప్పాడు. ఎత్తులో నెమ్మదిగా పాకుతూ ఆగుతూ పోతే ఆ క్లచ్‌లు వేడెక్కుతాయి. గేర్లు మార్చే లోపలి కంట్రోల్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాకా పోవచ్చు. ఇదే బండి కావాలంటే వారంటీ తీసుకో. కానీ ఎవరి వారంటీ అన్నది ముందు తేల్చుకో. కంపెనీ వాళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ మామూలుగా మొదటి వారంటీ నడుస్తుండగానే కొనాలి. ఐదేళ్ల బండికి ఇప్పుడు కొత్తగా ఇస్తామన్నాడంటే అది బహుశా బయటి సంస్థది. మొదటి ఓనరు కంపెనీది కొని, అది ఇంకా మిగిలి ఉంటే అదే అన్నిటికన్నా మంచిది. దాన్ని నీ పేరు మీదికి మార్పించుకునే ఖర్చు తక్కువ.

బయటిదైతే పుస్తకంలో "ఏవి ఇస్తాం" అన్న పేజీ తర్వాత చదువు. ముందు "ఏవి ఇవ్వం" అన్న పేజీ చదువు. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, వైపర్లు, బల్బులు ఎవరూ ఇవ్వరు, దానికి బాధపడకు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపలి క్లచ్ సెట్‌ని అరుగుదల కింద తోసేస్తారా అన్నది నీకు ముఖ్యం. ఆ ఒక్క లైను కోసమే నువ్వు డబ్బు కడుతున్నావు. అది "ఇవ్వం" పేజీలో ఉంటే ఆ 21,240 నాకు ఇవ్వు, నీ పేరు మీద బ్యాంకులో వేస్తాను.

క్లెయిమ్‌కి పైపరిమితి ఎంత, కూలీ కలిసి ఉందా, కొన్నాక మొదటి నెల క్లెయిమ్ లేదంటారా, విప్పి చూశాక మాది కాదంటే విప్పిన ఖర్చు ఎవరిది, ఇవన్నీ అడుగు. పాడేరు నుంచి ఏ సర్వీస్ సెంటర్‌కి తేవాలో కూడా అడుగు. అతను నోటితో చెప్పిన దాన్ని లెక్కలోకి తీసుకోకు. "అన్నీ కవర్ అవుతాయి మేడమ్" అన్నాడా, అదే మాట వాట్సాప్‌లో రాసిమ్మను. రాసిన మాట ఉంటేనే రేపు తేడా వస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

నా మనసులో మాట అడిగితే, టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు ఉన్న బండి చూసుకో. నీకు క్లచ్ తొక్కడం విసుగని తెలుసు. కానీ అందులో ఖరీదైన వస్తువులు తక్కువ. చోడవరంలోనైనా మాడుగులలోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు. దానికి వారంటీ వద్దు. ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో వేసి, బండికి తప్ప ముట్టుకోకు. ఏడాదిలో ఏమీ పోకపోతే ఆ డబ్బు నీదే.

ఏ బండి కొన్నా ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లోగా నీ పేరు మీదికి మార్పించు. క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పాత ఓనరుదే, నీకు రాదు. ఆ తేడా కట్టమంటారు, కట్టెయ్. పేరు మారకుండా గుద్దుకుంటే నీ బండి డ్యామేజీకి డబ్బు రాదు. ఈ ఒక్క కారణంతో ఎంతమంది నా టేబుల్ ముందు ఏడ్చారో నాకు తెలుసు. నీళ్లు పోయి ఇంజిన్ పాడైతే వారంటీ ఇవ్వరు, మామూలు ఇన్సూరెన్స్‌లోనూ రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. నువ్వు వాగులు దాటే దారిలో తిరుగుతావు కాబట్టి అది తీసుకో. రోడ్ సైడ్ అసిస్టెన్స్ కూడా తీసుకో, దానికి కొన్ని వందలే అవుతాయి. ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితంగా లాక్కొస్తారో చూడు. పాడేరు నుంచి ఇక్కడికి వంద కిలోమీటర్లు దాటుతుంది.

ఘాట్‌లో టెంపరేచర్ లైట్ వెలిగితే "ఇంకో మలుపే కదా" అని లాగకు. ఆపెయ్. లైట్ వెలిగాక నడిపి ఇంజిన్ పాడు చేసుకుంటే వారంటీ వాళ్లు మీ తప్పే అంటారు. బండి పోతే పోనీ తల్లీ, నువ్వు రోడ్డు అంచున సిగ్నల్ లేని చోట నిలబడకూడదు. శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగి బయల్దేరొద్దు, శనివారం పొద్దున్నే రా. నీ కోసం ఎవరూ ఇక్కడ అన్నం మానేసి కూర్చోరు. ఘాట్ ఎక్కే ముందూ దిగాకా నాకో మెసేజ్ పెట్టు.

వారంటీ పుస్తకం పూర్తిగా పీడీఎఫ్ పంపమని అతన్ని అడిగి, వచ్చాక నాకు పంపు. రంగుల కరపత్రం కాదు, షరతులున్న పుస్తకం. అది ఇవ్వనంటే అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఆదివారం మద్దిలపాలెం ఇంటికి రా, ఇద్దరం కలిసి చదువుదాం. నీకు ఫైలు కూడా కొని ఉంచాను, బిల్లులన్నీ అందులోనే పెట్టాలి.

ఇట్లు
మీ అత్త