ముందు విలాపవాక్యములు తెరువు

తల్లీ,

నిన్న ఫోన్లో "అత్తయ్యా, బైబిలు తెరిస్తే ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు" అన్నావు. ఊరు నీళ్లపాలయ్యాక ఎలా ఎక్కుతుంది? మా ఇంట్లోకి వరద వచ్చిన ఏడు నాదీ అదే పరిస్థితి. తడిసిన బైబిల్లో పేజీకో పాత కాగితం పెట్టి ఆరబెట్టాను. అయినా కీర్తనల దగ్గర అట్టకట్టేసింది. గోటితో ఒక్కో పేజీ విడదీస్తూ కూర్చోవడమే అప్పట్లో నా ప్రార్థన.

మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 ఈపాటికి నీకు పదిమంది పంపి ఉంటారు. మంచి మాటే, కానీ దాని పై వచనం కూడా చూడు. బబులోను చెరలో 70 ఏళ్లు గడిచాక అని ఉంటుంది. రేపటికల్లా అంతా సర్దుకుంటుందని చెప్పిన మాట కాదది.

నా మాట విని విలాపవాక్యములతో మొదలుపెట్టు. యెరూషలేము కూలినప్పటి ఏడుపు పాటలవి, అయిదే అధ్యాయాలు. ఆ ఊరిని కూల్చింది బబులోను సైన్యమే అనుకో, వరద కాదు. అయినా పాడుబడ్డ వీధులు ఎక్కడైనా ఒకలాగే ఉంటాయి. మూలభాష హెబ్రీలో మొదటి నాలుగు అధ్యాయాల వచనాలూ అక్షరమాల వరసలో మొదలవుతాయి, 22 అక్షరాలూ అయ్యేదాకా. ఏ బాధా వదలకుండా చెప్పుకున్నట్టు. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అని మనం పాడుకునే మాట మూడో అధ్యాయంలో గానీ రాదు. వచ్చాక ఏడుపు ఆగుతుందా అంటే, లేదు. నాలుగు, అయిదు అధ్యాయాల్లో మళ్లీ అదే గోడు. నాకా పుస్తకం మీద నమ్మకం కుదిరింది అందుకే.

"ఊరి పాపం వల్లే ఇదంతా" అని ఎవరో ఒకరు అంటారు. వాదించకు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులు కారని యేసు అన్నాడు, లూకా 13లో ఉంది. మారుమనస్సు మాట బతికున్న అందరికీ చెప్పాడు.

రాత్రిళ్లు నిద్ర మానుకుని చదవకు. చచ్చిపోతే బాగుండునన్న ఏలీయా ప్రవక్తకు దూత ఉపదేశమేమీ చేయలేదు, లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే, రెండోసారీ లేపి తినమన్నాడు.

ఓపిక వచ్చాక నెహెమ్యా మూడో అధ్యాయం చూడు. కూలిన యెరూషలేము గోడను తిరిగి కట్టినవాళ్ల వట్టి పేర్ల పట్టీ అని మనం దాటేస్తాం గానీ, ఫలానావాడు తన ఇంటికి ఎదురుగా ఉన్న గోడ తాను బాగుచేశాడన్న మాట అందులో పదే పదే వస్తుంది. మీ గుమ్మం ముందు బురద ఎంతవరకు ఎత్తారో రాయి.

మీ అత్తయ్య