ఐ.పి. పెట్టినా ఓట్లేశారు

ప్రశ్న: న్యూజీలాండ్ ప్రధానిగా చేసిన సర్ జోసెఫ్ వార్డ్ ఒకప్పుడు దివాలా తీసిన ధాన్యం వ్యాపారి అని చదివాను. ఐ.పి. పెట్టినవాడు మళ్లీ పార్లమెంటుకి ఎలా వెళ్లాడు?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: చట్టంలో ఒక్క ముక్క రాయకపోవడం వల్ల.

వార్డ్ 1856లో మెల్‌బోర్న్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి వెంట న్యూజీలాండ్ దక్షిణాన ఉన్న బ్లఫ్ రేవుకి వచ్చాడు. 13 ఏళ్లకే బడి మానేసి పోస్టాఫీసులో మెసెంజర్‌గా చేరాడు. ఆ తర్వాత తల్లి ఇచ్చిన అప్పుతో ధాన్యం వ్యాపారం పెట్టాడు. 1881లో ఊరి మేయరు, 1887లో అవరువా ఎంపీ, 1893లో ఆర్థికమంత్రి.

అక్కడ పండేది ఎక్కువగా ఓట్స్. పంట రాకముందే రైతులకు అడ్వాన్సులివ్వడం, ఆ డబ్బు కలోనియల్ బ్యాంక్ ఓవర్‌డ్రాఫ్టులోంచి తేవడం, ఇదీ పద్ధతి. ధర నిలబడ్డంతకాలం చక్కగా నడుస్తుంది. ధర పడితే రైతు బాకీ వసూలు కాదు, గోడౌన్లో సరుకు అప్పుకి సరిపోదు, బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు. తమాషా ఏమిటంటే, 1894 జూన్‌లో బ్యాంక్ ఆఫ్ న్యూజీలాండ్ కూలబోతుంటే ఒక్క రాత్రిలో 20 లక్షల పౌండ్ల ప్రభుత్వ హామీని పార్లమెంటులో పాస్ చేయించింది ఈ వార్డే. మరుసటి ఏడాది అదే బ్యాంకు కలోనియల్ బ్యాంకును కొనుక్కుంది, ఈయనగారి ఖాతాలను మాత్రం ముట్టుకోలేదు! వ్యవహారం కోర్టుకెక్కింది. వార్డ్ కోలుకోలేనంత దివాలాలో ఉన్నాడని 1896లో జడ్జి తేల్చేశాడు. మంత్రి పదవి పోయింది. 1897 జూలైలో ఐ.పి. పెట్టి సీటు కూడా వదులుకున్నాడు.

ఇక అసలు సంగతి. సభ్యుడు దివాలా తీస్తే సీటు ఖాళీ అవుతుందని అప్పట్లో అక్కడి చట్టంలో ఉండేది. దివాలా తీసినవాడు పోటీ చేయకూడదని మాత్రం లేదు. తను ఖాళీ చేసిన సీటుకే వార్డ్ నామినేషన్ వేసి, ఈసారి ఇంకా ఎక్కువ మెజారిటీతో గెలిచాడు. ఓట్స్ ముంచితే ఓట్లు తేల్చాయన్నమాట. మన దగ్గర ఈ సందు లేదు. రాజ్యాంగం 102వ అధికరణం ప్రకారం దివాలా నుంచి కోర్టు విముక్తి ఇచ్చేదాకా ఎన్నికవడానికీ, సభ్యుడిగా కొనసాగడానికీ రెంటికీ అనర్హుడే. అసెంబ్లీకైతే 191వ అధికరణం.

1899లో మళ్లీ మంత్రయ్యాడు. 1901 జనవరి 1 నుంచి ఉత్తరానికి ఒక్క పెన్నీ చాలన్నది ఆ పాత మెసెంజరే. 1906 నుంచి 1912 దాకా ప్రధాని.

ప్రశ్న: పొరపాటున చదివిన అంకెతో రెండోసారి ప్రధాని అయ్యాడంటారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అంకె మాట నిజమే. 1928లో ఆయనకు 72 ఏళ్లు, చూపు మందగించింది. కొన్నేళ్ల మీద తేవాల్సిన 7 కోట్ల పౌండ్ల అప్పును ఒక్క ఏడాదిలోనే తెస్తానన్నట్టు ఎన్నికల ప్రచార సభలో చెప్పేశాడు. జనానికి అది తెగ నచ్చింది. కానీ అంకె ఒక్కటే గద్దె ఎక్కించలేదు: మెజారిటీ రాలేదు, లేబర్ పార్టీ మద్దతు కావలసి వచ్చింది. 1930 మేలో అనారోగ్యంతో దిగిపోయి జూలైలో చనిపోయాడు. అప్పటికి ఆయన ఇన్వర్‌కార్గిల్ ఎంపీ. ఉప ఎన్నికలో ఆ సీటుకి ఎవరొచ్చారో మనవాళ్లకి చెప్పక్కర్లేదు: కొడుకు విన్సెంటే.