గెట్ అనే మాటతో నెగ్గుకురావడం

నాన్నా,

పెద్దమ్మ ఆశీస్సులు. డిక్షనరీ ముందేసుకుని 'గెట్' అర్థాలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించానని, అయినా ఎవరైనా గబగబా మాట్లాడితే ఆ మాట దగ్గరే ఆగిపోతున్నానని రాశావు. ముందు ఆ నోట్‌బుక్ మూసెయ్. ఈ మాటకి తనదంటూ ఉన్న అర్థం చాలా కొంచెం. దాని వెనకాల ఏం వచ్చిందో చూడటం అలవాటు చేసుకో, సగం టెన్షన్ తగ్గుతుంది.

వెనకాల వస్తువు పేరు వస్తే రావడమో, దొరకడమో, తెచ్చుకోవడమో. 'ఐ గాట్ ఎ లెటర్' అంటే నాకు ఉత్తరం వచ్చింది. ఇది నీకు వచ్చిందే, వదిలేద్దాం.

విశేషణం వస్తే మాత్రం కాస్త నిలబడాలి. అక్కడ 'గెట్' ఒక మార్పును చెబుతుంది. 'ఇట్ ఈజ్ డార్క్' అంటే చీకటిగా ఉంది, 'ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్' అంటే చీకటి పడుతోంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. పెళ్లి సంగతే తీసుకో. 'దే ఆర్ మ్యారీడ్' అంటే వాళ్లు భార్యాభర్తలు. పెళ్లి ఎప్పుడు జరిగిందో చెప్పాలంటే 'దే గాట్ మ్యారీడ్ లాస్ట్ ఇయర్' అనాలి. 'దే ఆర్ మ్యారీడ్ లాస్ట్ ఇయర్' అంటే కుదరదు. ఇంకో సంగతి. మనం 'ఫలానా వాళ్లతో పెళ్లయింది' అంటాం కాబట్టి నోటికి 'విత్' వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అక్కడ ఉండాల్సింది 'టు'.

చోటు పేరు వస్తే చేరుకోవడం. 'గెట్ టు ద స్టేషన్' అంటాం గానీ హోమ్, హియర్, దేర్ ముందు ఆ 'టు' ఉండదు. 'గెట్ హోమ్', అంతే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన వాడుక. మనకి 'చేయించు, రాయించు, కట్టించు' ఉన్నాయి కదా, ఆ పని ఇంగ్లిష్‌లో 'గెట్' చేస్తుంది. 'ఐ గాట్ మై హెయిర్ కట్' అంటే జుట్టు నా చేత్తో నేను కత్తిరించుకోలేదు, ఇంకొకరి చేత కత్తిరింపించుకున్నాను. 'ఐ కట్ మై హెయిర్' అన్నావంటే కత్తెర నీ చేతిలోనే ఉందనుకుంటారు. మనిషి చేత చేయిస్తే 'ఐ గాట్ హిమ్ టు సైన్'. ఇందులో కొంత నచ్చజెప్పడం ఉంది. 'ఐ మేడ్ హిమ్ సైన్' అంటే మెడలు వంచి సంతకం పెట్టించినట్టు. మొదటిదాంట్లో 'టు' ఉంది, రెండోదాంట్లో లేదు, చూశావా? పరీక్షల్లో అడిగేది దీన్నే.

'హీ గాట్ ఫైర్డ్' లాంటివి, అంటే ఉద్యోగం ఊడింది అనేలాంటివి, కబుర్లలో బాగుంటాయి. మనిషికి హఠాత్తుగా ఏదో జరిగిందన్న ధ్వని ఉంటుంది. ఇల్లు ఫలానా ఏట కట్టారు అని చెప్పడానికి 'గాట్ బిల్ట్' అనకు, 'వాజ్ బిల్ట్' అను.

అసలు రాతలో 'గెట్' వాడకూడదని చెప్పే టీచర్లు కొందరున్నారు. నేను ఒప్పుకోను. ఆఫీసు ఉత్తరంలో 'రిసీవ్', 'బికమ్' పెడితే హుందాగా ఉంటుంది, నిజమే. స్నేహితుడికి రాసేటప్పుడూ అవే పెడితే నోటీసు పంపినట్టుంటుంది.

'హ్యావ్' పక్కన 'గాట్' బదులు 'గాటెన్' అంటే తప్పా అని అడిగావు. తప్పు కాదు, అమెరికా వాడుక. అక్కడివాళ్లు తెచ్చిపెట్టిన కొత్త రూపం కూడా కాదది. 1611లో అచ్చయిన ఇంగ్లిష్ బైబిల్లోనే ఉంది. తర్వాత బ్రిటన్‌లో చాలామటుకు వాడుక తప్పింది, 'ఫర్‌గాటెన్' మాత్రం అక్కడా మిగిలింది. అమెరికాలో రెండు రూపాలూ ఉన్నాయి, పని వేరు. 'హ్యావ్ గాట్' అంటే నా దగ్గర ఉంది. 'హ్యావ్ గాటెన్' అంటే సంపాదించాను, లేదా అలా తయారయ్యాను. నువ్వు ఏదో ఒక పద్ధతి పట్టుకో, ఒకే ఉత్తరంలో రెండూ కలపకు.

ఇక గెట్ అప్, గెట్ బై, గెట్ ఓవర్ వగైరా. వీటికి అడ్డదారి లేదు. ముక్కలుగా విడదీస్తే అర్థం రాదు, కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో వాక్యంతో కలిపి గుర్తుపెట్టుకో. 'గెట్ బై' అంటే ఉన్నదాంతో నెట్టుకురావడం. 'గెట్ ఓవర్' అంటే జబ్బు నుంచో బాధ నుంచో తేరుకోవడం. 'గెట్ అవే విత్' అంటే తప్పు చేసి కూడా శిక్ష తప్పించుకోవడం. మూడూ వచ్చాకే నాలుగోది ముట్టుకో.

చివర్న నువ్వు అడిగిన ఆ డైలాగు. 'ఐ గాట్ టు మీట్ హర్' అని విన్నానన్నావు. మామూలుగా దాని అర్థం ఆమెను కలిసే అవకాశం వచ్చింది, కలిశాను అని. 'ఐ హ్యావ్ గాట్ టు మీట్ హర్' అయితే కలిసి తీరాలి, ఇంకా కలవలేదు. చిక్కేమిటంటే తొందరగా మాట్లాడేటప్పుడు ఆ 'హ్యావ్' ఎగిరిపోతుంది, రెండూ ఒకేలా వినిపిస్తాయి. 'గాటా' అని నలిపి పలికితే 'తీరాలి' అనే లెక్క. అలా నలపకపోతే ముందు వెనక వాక్యాలు చూసుకో. నువ్వు ఉత్తరంలో చెప్పిన సన్నివేశంలో ఆ మాట అన్నతను అప్పుడే చెప్పులు వేసుకుంటున్నాడు కదా, ఇంకా కలవలేదన్నమాట.

మీ పెద్దమ్మ