స్కూల్లోనే వీడియో గేములు ఆడిస్తున్నారు, టీసీ తీసుకోవాలా?

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి, హనుమకొండలో ప్రైవేటు స్కూలు. ఈ ఏడాది నుంచి శనివారం ఆఖరి రెండు పీరియడ్లు కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లల్ని వీడియో గేములు ఆడుకోనిస్తున్నారు. ఇంట్లో మేం ఫోన్ పూర్తిగా మాన్పించాం. ‘స్కూల్లో సారే ఆడిస్తుంటే మీకేంటి?’ అని ఎదురు తిరుగుతున్నాడు. పోయిన నెల అర్ధరాత్రి నా ఫోన్లో ఆడుతూ దొరికాడు. ఇంత ఫీజు కట్టేది ఆటలు ఆడించడానికా అని మావారికి కోపం. టీసీ తీసుకుందాం అంటున్నారు. వాడు ఎవరితోనూ కలిసే రకం కాదు. ఈమధ్య మాత్రం ‘మా టీమ్’ అంటూ ముగ్గురి పేర్లు చెబుతున్నాడు. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, టీసీ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ ‘మా టీమ్’ అన్న మాటను మీరు ఉత్తరం చివర్లో ఏదో చెప్పాలి కాబట్టి అన్నట్టు రాశారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. పదమూడేళ్ల పిల్లాడికి, అందులోనూ నలుగురిలో కలవలేని పిల్లాడికి, ముగ్గురు స్నేహితులు దొరకడం చిన్న విషయం కాదు. మీవారి కోపం చల్లారడానికి ఆ స్నేహాలను తెంచి కొత్త బడిలో కూర్చోబెడితే, వాడు మళ్లీ ఒంటరివాడవుతాడు. ఒంటరిగా ఉన్న పిల్లాడికి ఫోన్ మరింత దగ్గరవుతుంది.

ఇక ఆ రెండు పీరియడ్లూ, అర్ధరాత్రి ఆటా ఒకటే అనుకోవద్దు. ఫోన్లో ఆడే చాలా గేములకు ముగింపంటూ ఉండదు. రోజూ తెరిస్తే ఒక బహుమతి, ఈ వారంలోనే ఆడాల్సిన ప్రత్యేక పోటీ, తగ్గిపోతుందేమో అని భయపెట్టే ర్యాంకు... పిల్లాడు పక్కన పెట్టలేకుండా ఉండేలాగే వాటిని తయారు చేస్తారు. పెద్దవాళ్లకే ఆపడం కష్టం. ల్యాబ్‌లో అయితే సారు ఎదురుగా ఉంటారు, పక్కన తోటి పిల్లలుంటారు, బెల్లు కొట్టగానే లేవాలి. ఆట మధ్యలో లేచి వెళ్లడం కూడా ఒక అలవాటే. అది అక్కడ నేర్చుకుంటున్నాడు.

అలాగని స్కూలు ఏం చేసినా సరేనని నేననను. మీరిద్దరూ కలిసి వెళ్లి ప్రిన్సిపల్‌నీ, కంప్యూటర్ సారునీ కలవండి. మీవారు తప్పకుండా రావాలి. వీలైతే ఒక శనివారం ల్యాబ్‌లో వెనక కూర్చుని చూస్తామని అడగండి. ఏ గేములు ఆడిస్తున్నారు? నలుగురూ కలిసి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ లాంటివైతే నాకు అభ్యంతరం లేదు. దానికి బడుల కోసమే 2016లో వేరే వెర్షన్ కూడా వచ్చింది. కాల్పుల ఆటలైతే మాత్రం వాటిమీద ఏ వయసువారికని రాసి ఉందో చూపించమనండి. బయటి వ్యక్తులు పిల్లలతో చాట్ చేసే వీలుందా? పిల్లల పేరుతో ఖాతాలు తెరిచారా? ఆన్‌లైన్ గేముల విషయంలో జాగ్రత్తలు చెబుతూ కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులకూ టీచర్లకూ సూచనలు ఇచ్చింది. కాబట్టి ఇవి అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

ముఖ్యంగా ఇంకొకటి అడగండి. ఆ రెండు పీరియడ్లు ఎక్కడినుంచి వచ్చాయి? గ్రౌండ్‌లో ఆడుకునే పీరియడ్ తీసేసి ల్యాబ్‌కు ఇచ్చి ఉంటే, అక్కడ నేను మీవారి పక్షమే. మన ప్రైవేటు స్కూళ్లలో చాలావాటికి సరైన మైదానమే లేదు. ఉన్న ఆ కాస్త పరుగూ పోగొట్టి తెర ముందు కూర్చోబెట్టడం అన్యాయం. మిగతా తల్లిదండ్రులతో కలిసి గట్టిగా అడగండి.

ఇప్పుడు ఇంటి సంగతి. ‘సారే ఆడిస్తున్నారు’ అని మీవాడు అంటున్నాడు కదా, ఆ మాటనే పట్టుకోండి. ‘అవును నాన్నా, సారు ఒక రోజు, ఒక టైమ్, అందరి ముందు ఆడిస్తున్నారు. మనింట్లోనూ అలాగే ఆడుకో’ అనండి. పూర్తిగా మాన్పించడం వల్లే అర్ధరాత్రి దొంగాట మొదలైందని నా అనుమానం. ఆదివారం ఒక గంట, హాల్లో, మీ కళ్ల ముందు. మొదట్లో గంట కాగానే గొడవ చేస్తాడు, చేయనివ్వండి. కొట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు, ‘ఈ మ్యాచ్ అయ్యాక ఇచ్చెయ్’ అని పక్కనే నిలబడండి. మాట తప్పితే వచ్చే ఆదివారం ఆట లేదు. ఈ నియమం మీరూ మీవారూ ముందే గదిలో మాట్లాడుకుని వాడికి చెప్పాలి. వాడి ముందు ఒకరు సరే అని, ఇంకొకరు వద్దంటే అక్కడితో అయిపోయినట్టే.

రాత్రి పదికల్లా ఇంట్లో ఫోన్లన్నీ ఒకేచోట ఛార్జింగ్‌లో ఉండాలి. మీవారి ఫోన్ కూడా. ఇది ఆయనకు కష్టమే, కానీ తండ్రి పడుకునేదాకా రీల్స్ చూస్తుంటే కొడుకు వినడు. మీ లాక్ నంబరు, యూపీఐ పిన్ వాడికి తెలిసి ఉంటే ఈరోజే మార్చండి. స్కిన్లు, డైమండ్లు అంటూ గేముల్లోనే కొనుక్కునేవి ఉంటాయి. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలు వేరే సంగతి. తెలంగాణలో 2017 నుంచే వాటిపై నిషేధం ఉంది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అలాంటి యాప్ ఏదైనా ఫోన్లో కనిపిస్తే వెంటనే తీసేయండి.

వాడు దీనికి బానిసయ్యాడా అన్న భయం మీ మాటల్లో కనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో గేమింగ్ రుగ్మత ఉన్న మాట నిజమే. ఆటపై అదుపు పోవడం, మిగతా అన్నిటికంటే ఆటే ఎక్కువైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఇవి ఏడాదిపాటు కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. ఒక్క రాత్రి దొరికినంత మాత్రాన మీవాడికి ఆ ముద్ర వేయకండి, వాడి ముందు ఆ మాట అనకండి.

కానీ బడికి పోనని మొండికేసినా, తిండీ నిద్రా వదిలేసినా, డబ్బు తీసినా, ఫోన్ తీసుకుంటే చేయి చేసుకున్నా ఏడాది ఆగాల్సిన పనిలేదు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నేరుగా చూపించాలంటే వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. బాబును ఒక్కణ్నే లోపలికి పంపకుండా మీరిద్దరూ కూడా డాక్టరుతో మాట్లాడండి.