ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నాను. లకారాలు, విభక్తులు గుర్తుండట్లేదు. ఏమైనా చిట్కాలున్నాయా?

ఉన్నాయి. ముందు లకారాల సంగతి, అంటే క్రియ ఏ కాలంలోదో, ఆజ్ఞో, విధో చెప్పే రూపాలు. పది పేర్లూ బట్టీ కొట్టొద్దు. అ, ఇ, ఉ, ఋ, ఏ, ఓ అనుకుంటూ ఒక్కో అచ్చుకి ముందు ‘ల్’, వెనక ‘ట్’ తగిలించండి: లట్, లిట్, లుట్, లృట్, లేట్, లోట్. ఆరయ్యాయి. మళ్లీ మొదటి నాలుగు అచ్చులకే ‘ఙ్’ తగిలిస్తే లఙ్, లిఙ్, లుఙ్, లృఙ్. మా గుంటూరు బ్రాడీపేట అడ్రసులాంటిదే ఇది: లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు తెలిస్తే ఇల్లు దొరికినట్టే. ఈ అచ్చుల వరస కూడా మాహేశ్వర సూత్రాల్లోదే (పాణిని వ్యాకరణానికి ఆధారమైన అక్షరాల వరస), మధ్యలో ‘ఌ’ ఒక్కటి వదిలేశారు.

లేట్ వేదానికే పరిమితం, ఇప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు. మొదట్లో లట్ (వర్తమానం: పఠతి), లృట్ (భవిష్యత్తు: పఠిష్యతి), లోట్ (ఆజ్ఞ: పఠతు), లఙ్ (భూతం: అపఠత్), విధిలిఙ్ (‘చదవాలి’ లాంటిది: పఠేత్) వస్తే చాలా వాక్యాలు నడిచిపోతాయి.

విభక్తులంటారా, బళ్లో ‘డుమువులు ప్రథమా విభక్తి’ అని వల్లించారు కదా, సగం పని అక్కడే అయిపోయింది. ‘చేతన్’ అంటే రామేణ, ‘కొరకున్’ అంటే రామాయ, ‘వలనన్’ అంటే రామాత్. ఏకవచనాలకి రామరక్షా స్తోత్రం చివర్లో వచ్చే ‘రామో రాజమణిః సదా విజయతే’ శ్లోకం పట్టుకోండి. సంబోధనతో సహా ఎనిమిదీ అందులో వరసగా ఉన్నాయి.

ద్వివచనం (ఇద్దరిని గురించి చెప్పే రూపం) చూసి అనవసరంగా జడుస్తారు గానీ అన్నిటికన్నా తేలికైనది అదే. 2-3-2 లెక్క: మొదటి రెండు విభక్తులూ రామౌ, తర్వాతి మూడూ రామాభ్యామ్, చివరి రెండూ రామయోః. హరి, గురు, రమా, ఏ శబ్దమైనా ఈ లెక్క తప్పదు. బహువచనమే కాస్త సతాయిస్తుంది. దాన్ని మాత్రం రోజూ పైకి చదవాల్సిందే.